పాత మోడెమ్ మార్చాలి, ఏది తీసుకోవాలి?

కిటికీపక్క:
అందరికీ నమస్కారం. నెట్ కనెక్షన్ తీసుకున్నప్పుడు కంపెనీ వాళ్లు ఇచ్చిన మోడెమే ఇప్పటికీ వాడుతున్నాం. ఈమధ్య దాని పని అయిపోయినట్టుంది. సాయంత్రం పూట ఉన్నట్టుండి నెట్ పోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. చేత్తో ముట్టుకుంటే బాగా వేడిగా ఉంటోంది. వెనక గదిలో వైఫై ఎప్పుడూ అంతంత మాత్రమే. ప్లాన్ 300 ఎంబీపీఎస్. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 40, 50 దాటదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు తప్ప ఇంకో మాట లేదు. సరే, కొత్తది కొనేద్దామని ఆన్‌లైన్‌లో చూస్తే తల తిరిగింది. ఒకదాని మీద రౌటర్ అని, ఇంకోదాని మీద మోడెమ్ రౌటర్ అని, మరోదాని మీద ఓఎన్‌టీ అని. పక్కన ఏసీ 1200, ఏఎక్స్ 3000 అంటూ అంకెలు. యాంటెనాలు రెండు మొదలు ఎనిమిది దాకా. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకరికి ఇంటి నుంచే ఆఫీసు పని, మీటింగ్ మధ్యలో తెగిపోతే టెన్షన్. ఏది కొనాలో తెలిసినవాళ్లు చెప్పండి.

నెట్‌పిచ్చి:
ఏఎక్స్ 3000 రౌటర్ ఏదో ఒకటి కళ్లు మూసుకుని తీసుకోండి. వైఫై 6 ఉంటుంది, ఇంకో ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు. కంపెనీ వాళ్లిచ్చే డబ్బాలు మొదటి రోజు నుంచే డబ్బాలు.

స్ప్లైసర్:
కళ్లు మూసుకుంటే పనికిరానిది ఇంటికొస్తుంది. ఉత్త రౌటర్ అని రాసున్న బాక్స్‌లో మోడెమ్ ఉండదు. దాన్ని తెచ్చి గోడలోంచి వచ్చే తీగ పెడదామని చూస్తే అందులో పట్టే రంధ్రమే కనబడదు.

ముందు మీ బాక్స్‌ని వెనక్కి తిప్పి, బయటి నుంచి వస్తున్న తీగ ఏదో చూడండి. ల్యాండ్‌లైన్ ఫోన్‌కి వచ్చే సన్నటి తీగ, చివర చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉంటే డీఎస్‌ఎల్. లావుగా గుండ్రంగా ఉండి, మర తిప్పి బిగించేదైతే టీవీ కేబుల్ లైను. సన్నగా, కాస్త బిరుసుగా ఉండి, చివర ఆకుపచ్చదో నీలందో చదరపు ప్లాస్టిక్ ముక్క ఉంటే ఫైబర్. కొన్నిచోట్ల మామూలు ల్యాన్ తీగే నేరుగా ఇంట్లోకి వస్తుంది. వాళ్లకు మోడెమ్‌తో పనే లేదు, రౌటర్ చాలు.

ఫైబర్ అయితే ఆ ముక్క పీకి లోపలికి చూడకండి. అందులో వచ్చేది ఇన్‌ఫ్రారెడ్ లేజర్, కంటికి కనబడదు. వెలుతురు లేదు కదా అని కన్ను దగ్గర పెట్టుకునేవాళ్లని చూశాను.

ఇంకోటి. నెట్ పోయినప్పుడు బాక్స్ మీది లైట్లు ఏం చేస్తున్నాయో గమనించి ఇక్కడ రాయండి. మీరు కొనాల్సింది మోడెమా, రౌటరా, అసలేమైనా కొనాలా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

కిటికీపక్క:
స్ప్లైసర్ గారూ, థ్యాంక్స్. సన్నటి పసుపు రంగు తీగ, చివర ఆకుపచ్చ చదరపు ముక్క. అంటే ఫైబరే. లైట్ల మీద పవర్, పాన్, లాస్, ల్యాన్, వైఫై అని రాసుంది. ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా దీనికే తగిలించి ఉంది.

నిన్న రాత్రంతా ఒక కన్ను దానిమీదే వేసి ఉంచాను. రెండు రకాలుగా పోతోంది. ఒక్కోసారి లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి వెలుగుతున్నాయి. ఒక్కోసారి పవర్ లైటు అలాగే ఉంటుంది, పాన్ లైటు మాత్రం టకటకా కొట్టుకుంటుంది, లాస్ దగ్గర ఎర్ర లైటు వచ్చి పోతుంది.

స్ప్లైసర్:
మంచి పని చేశారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. కొత్త మోడెమ్ కొంటే రెండోది అలాగే ఉండిపోయేది.

లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయంటే బాక్స్‌కి కరెంటు అందలేదన్నమాట. పది కేసుల్లో సగానికి పైగా నేను చూసేది అడాప్టరే. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. అప్పుడు ఏమవుతుందంటే, ఊరికే ప్లగ్గులో పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టులు శుభ్రంగా చూపిస్తుంది. బాక్స్‌కి తగిలించి, నలుగురూ వైఫై వాడుతున్నప్పుడు చూస్తే 10కో 9కో పడిపోతుంది. బాక్స్ తట్టుకోలేక రీస్టార్ట్ అవుతుంది. మీకు సాయంత్రాలే ఎక్కువ జరగడానికి కారణం అదే అయి ఉండొచ్చు, అందరూ ఇంట్లో ఉండేది అప్పుడే కదా.

అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని రాసిన లైన్ చూడండి. 12 వోల్ట్ 1 ఆంప్ అనో 1.5 ఆంప్ అనో ఉంటుంది. కొత్తదానికి వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపులు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను లావు సరిపోవాలి. చిన్న బొమ్మలో మధ్య చుక్కకి ప్లస్ ఉందో మైనస్ ఉందో పాతదానితో పోల్చుకోండి. అది తిరగబడితే బాక్స్ పోతుంది.

రెండో జబ్బు లైనుది. లాస్ ఎర్రగా వచ్చిందంటే బాక్స్‌కి వెలుతురు అందడం లేదని. పాన్ లైటు కొట్టుకుంటోందంటే వెలుతురు అందినా అవతలి పరికరంతో రిజిస్టర్ కావడానికి తంటాలు పడుతోందని. అది మీ పరిధిలోది కాదు, కంపెనీ వాళ్లే వచ్చి చూడాలి. వాళ్లను పిలిచే ముందు ఒక అంకె చూసి పెట్టుకోండి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే లోపలి పేజీ వస్తుంది, యూజర్ నేమ్ పాస్‌వర్డ్ బాక్స్ కింది స్టిక్కర్ మీద ఉంటాయి. అందులో ఆప్టికల్ పవర్ అనో ఆర్‌ఎక్స్ పవర్ అనో ఉంటుంది, మైనస్‌లో.

నెట్‌పిచ్చి:
> కొత్త మోడెమ్ కొంటే రెండోది అలాగే ఉండిపోయేది

సరే, లైను సంగతి ఒప్పుకుంటా. కానీ 300 ప్లాన్‌కి ఫోన్‌లో 40 రావడం? అది బాక్స్ చేతగానితనం కాదా?

రాత్రిడ్యూటీ:
ఆ మాట మాత్రం నిజమే. పాత బాక్స్‌ల మీద 300 ఎంబీపీఎస్ వైఫై అని రాసుంటుంది, కాబట్టి 300 ప్లాన్‌కి సరిగ్గా సరిపోయిందని అనుకుంటాం. అది 2.4 గిగాహెర్ట్జ్‌లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు దొరికినప్పుడు వచ్చే లింకు అంకె. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల అన్ని ఇళ్లవాళ్లూ ఆ మూడింట్లోనే తోసుకోవాలి. కాబట్టి బాక్స్ 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గిపోతుంది, లింకు 144కి వస్తుంది, అందులో చేతికి దక్కేది మీరు చెప్పిన 40, 50. కిటికీపక్క గారూ, మీ బాక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉందా లేదా? ఫోన్‌లో వైఫై పేర్లు చూస్తే చివర 5జీ అని ఇంకో పేరు ఉంటే ఉన్నట్టు. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే లోపలి పేజీలో చూడాలి.

ఇంకో పరీక్ష కూడా చేయండి. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ తీగతో నేరుగా బాక్స్‌కి పెట్టి స్పీడ్ చూడండి. 300 దగ్గరికి వస్తే లైను బాగుంది, వైఫైనే బలహీనం. సరిగ్గా 94 దగ్గర ఆగిపోతే పోర్టు 100 ఎంబీపీఎస్‌ది, లేదా ల్యాన్ తీగలో ఒక జత తెగింది. గిగాబిట్‌కి లోపలి నాలుగు జతలూ కావాలి. రెండు జతలే పనిచేస్తుంటే ఏ మెసేజూ ఇవ్వకుండా 100కి దిగిపోతుంది.

సందేహాలపుట్ట:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఫైబర్‌కి కూడా మోడెమ్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, ఎక్స్‌పాన్ ఓఎన్‌యూ అని. అది తెచ్చి ఆకుపచ్చ ముక్క అందులో గుచ్చితే అయిపోదా? కంపెనీ వాళ్ల బాక్స్ ఎందుకు మోయాలి?

స్ప్లైసర్:
గుచ్చితే లైటు వెలుగుతుంది, నెట్ రాదు. ఎందుకో చెప్తాను.

ఫైబర్‌లో ఇంటికో తీగ అవతలి దాకా ఉండదు. ఒకే ఫైబర్ స్ప్లిటర్లలో చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తుంది. అవతల ఉన్న ఓఎల్‌టీ అనే పరికరం కిందికి పంపేది అందరికీ చేరుతుంది, ఎవరి వాటా వాళ్ల బాక్స్ తీసుకుంటుంది. పైకి పంపేటప్పుడు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో క్షణం కేటాయిస్తుంది. ఆ క్షణంలోనే మీ బాక్స్ లేజర్ వెలగాలి. చెడిపోయిన బాక్స్ ఒకటి తన వంతు కానప్పుడు కూడా వెలుగుతూ కూర్చుంటే ఆ ఫైబర్ మీదున్న ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది. అలాంటిదాన్ని వెతికి పట్టుకోవడం మాకు నరకం. తెలియని బాక్స్‌ల మీద కంపెనీలకు అనుమానం ఉండటానికి ఇదొక కారణం.

పైగా రకాలు రెండు. జీపాన్, ఈపాన్. జీపాన్‌లో కిందికి 2.488 గిగాబిట్లు, పైకి 1.244. ఈపాన్‌లో రెండు వైపులా 1.25. ఒకదాని బాక్స్ ఇంకోదానికి పనికిరాదు. ఎక్స్‌పాన్ అని అమ్మేవి రెండూ పట్టుకోగలవు, అక్కడికి బాగానే ఉంది. కానీ జీపాన్‌లో ఓఎల్‌టీ మీ బాక్స్‌ని సీరియల్ నంబర్‌తో గుర్తుపడుతుంది, కొన్నిచోట్ల పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. ఈపాన్‌లో మ్యాక్ అడ్రస్ (బాక్స్‌కి తయారీలోనే ఇచ్చే నంబర్), లేదా ఎల్‌ఓఐడీ అని కంపెనీ ఇచ్చే గుర్తింపు. కొత్త బాక్స్ నంబర్ వాళ్ల సిస్టమ్‌లో ఎక్కించకపోతే పాన్ లైటు కొట్టుకుంటూనే ఉంటుంది. ఎక్కించినా, ఓఎల్‌టీ ఒక తయారీదారుది, బాక్స్ ఇంకొకరిది అయితే ఓఎమ్‌సీఐ దగ్గర పేచీ. ఓఎల్‌టీ మీ బాక్స్‌కి సెట్టింగులు పంపే భాష అది. ప్రమాణం ఒకటే, ఒక్కొక్కరి యాస ఒక్కోలా ఉంటుంది.

కాబట్టి కంపెనీ ఒప్పుకుని, ఏ మోడల్ పనిచేస్తుందో చెప్పి, నంబర్ ఎక్కిస్తామంటేనే సొంత ఓఎన్‌టీ, అంటే ఫైబర్ మోడెమ్, కొనండి. లేదంటే దాన్ని వాళ్ల నెత్తినే ఉంచండి. పాడైతే మార్చే బాధ్యతా వాళ్లదే అవుతుంది.

ఆకుపచ్చ, నీలం గురించి ఎవరో అడిగేలోపే చెప్పేస్తాను. ఆకుపచ్చది ఏపీసీ, దాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. నీలం యూపీసీ, దాదాపు నిలువు. ఒకదాన్ని ఇంకోదానిలో పెడితే పడుతుంది, కానీ మొనల మధ్య ఖాళీ మిగిలి వెలుతురు చాలావరకు అక్కడే పోతుంది, మొన కూడా గీసుకుపోతుంది. బాక్స్ సాకెట్ రంగు, తీగ చివర రంగు ఒకటే కావాలి.

సందేహాలపుట్ట:
యాస పోలిక అదిరింది. అర్థమైంది అండీ.

పాతతీగ:
మేమింకా ఫోన్ తీగ మీదే ఉన్నాం, నవ్వకండి. వీడీఎస్‌ఎల్ మోడెమ్ ఎవరిదైనా పెట్టుకోవచ్చా, దానికీ ఇలాంటి గొడవలేనా?

రాత్రిడ్యూటీ:
పాతతీగ గారూ, ఆ విషయంలో మీరే అదృష్టవంతులు. డీఎస్‌ఎల్‌లో సీరియల్ నంబర్ గొడవ సాధారణంగా ఉండదు, యూజర్ నేమ్ పాస్‌వర్డ్ ఉంటే చాలు. మీ లైను ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్సా, వీడీఎస్‌ఎల్ 2నా కనుక్కోండి. మొదటిది గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్. ఉత్త ఏడీఎస్‌ఎల్ మోడెమ్ తెచ్చి వీడీఎస్‌ఎల్ లైనుకి పెట్టకండి. లైనులో వెక్టరింగ్ (పక్క తీగల అల్లరిని తగ్గించే పద్ధతి) వాడుతుంటే మోడెమ్‌కీ అది తెలిసి ఉండాలి. ఇవన్నీ చూసే ముందు ఫోన్ దగ్గరున్న ఫిల్టర్ తీసేసి, గోడ సాకెట్‌కే మోడెమ్ నేరుగా పెట్టి ఒకసారి చూడండి. ఫిల్టర్ పాడైతే మోడెమ్ పాడైనట్టే కనబడుతుంది.

కిటికీపక్క:
అన్నీ చూశాను. ల్యాన్ తీగతో 290 పైన వస్తోంది. బాక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ లేదు, ఒకటే పేరు, ఒకటే బ్యాండ్. ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 26.8 డీబీఎం అని ఉంది. ఇది మంచిదా, చెడ్డదా?

అడాప్టర్ 12 వోల్ట్ 1 ఆంప్. అదే కొలతల్లో 1.5 ఆంప్‌ది తెలిసినవాళ్ల దగ్గర దొరికితే పెట్టి చూస్తున్నా. లైట్లన్నీ ఆరిపోవడం ఆగింది. ఎర్ర లైటు మాత్రం అలాగే వస్తోంది.

స్ప్లైసర్:
మైనస్ 26.8 అంటే అంచు మీద నిలబడినట్టు. మామూలుగా వాడే బీ ప్లస్ తరగతి జీపాన్ బాక్స్ మైనస్ 27 దాకా చదవగలదు, అటువైపు మైనస్ 8 కంటే ఎక్కువ వెలుతురు పడకూడదు. మైనస్ 15 నుంచి మైనస్ 24, 25 మధ్య ఉంటే నిశ్చింత. మీకు ఎండకో గాలికో ఇంకొంచెం తగ్గితే చాలు, ఎర్ర లైటు. డీబీలో 3 తగ్గితే వెలుతురు సగమైపోయినట్టు, కాబట్టి ఒకటి రెండు అంకెలే కదా అనుకోవద్దు.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు నెట్ స్లోగా ఉంది అనకండి. ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 26.8 ఉంది, లాస్ లైటు వస్తోంది అనండి. ఆ మాట విన్నాక రీస్టార్ట్ చేయమని చెప్పడం కష్టం. వచ్చినవాళ్లు పవర్ మీటర్ పెట్టి చూస్తారు. ఎక్కువసార్లు కనెక్టర్ మొన మీద దుమ్మో, తీగ ఎక్కడో తలుపు సందులోనో క్లాంపు కిందో నలిగిపోయి ఉండటమో కారణం. మీరు కూడా ఒకసారి తీగ వెంట చూసుకుంటూ వెళ్లండి. మిగిలిన తీగని బిగుతుగా చుట్టి టేపు వేసి ఉంటే వదులు చేయండి. మొనని చొక్కా అంచుతో తుడవకండి, వేలితో అసలే వద్దు.

నెట్‌పిచ్చి:
చూశారా, 5 గిగాహెర్ట్జ్ లేదు. అందుకే అన్నాను ఏఎక్స్ 3000 అని :)

రాత్రిడ్యూటీ:
అక్కడిదాకా మీరన్నదే. కానీ 3000 అనే అంకె ఎక్కడిదో కూడా చెప్పాలి. 2.4లో 574, 5లో 2402, రెండూ కూడి పైకి గుండ్రం చేశారు. ఏ ఫోనూ రెండింటినీ కలిపి వాడుకోదు. 2402 రావాలంటే 160 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి, ఫోన్‌కీ అది ఉండాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి, అప్పుడు లింకు 1201. అందులో సగానికి కొంచెం పైన అసలు స్పీడు. అది కూడా అదే గదిలో కూర్చుంటే. 300 ప్లాన్‌కి ఏఎక్స్ 1500 రకం చాలు, ఎందుకంటే దాని 5 గిగాహెర్ట్జ్ లింకూ అదే 1201. ఏఎక్స్ 3000 తీసుకుంటే నష్టమేమీ లేదు, ప్రాసెసర్ కాస్త మెరుగ్గా ఉంటుంది. అంకె చూసి మాత్రం తీసుకోకండి.

అంకె కంటే ముందు వెనకాల పోర్టులు చూడండి. ఏసీ 1200 అని పెద్దక్షరాలతో రాసి, వాన్ పోర్టు (బయటి నెట్ తీగ పెట్టేది) 10/100 పెట్టినవి చాలా ఉన్నాయి. గాలిలో 867 పరుగెత్తి, తీగ దగ్గర 94కి తల వంచుతుంది. స్పెసిఫికేషన్లలో గిగాబిట్ అని గానీ 10/100/1000 అని గానీ ఉండాలి. 10/100 అని ఆగిపోతే పక్కన పెట్టేయండి. యాంటెనాల సంఖ్య లెక్కపెట్టొద్దు.

ఇక ఎలా అమర్చాలో చెప్తా. కంపెనీ ఓఎన్‌టీ ఉంటుంది, దాని ల్యాన్ నుంచి మీ కొత్త రౌటర్ వాన్‌కి తీగ. రెండు దారులున్నాయి. ఏమీ మార్చకుండా అలా తగిలించేస్తే పనిచేస్తుంది, కానీ రెండు బాక్స్‌లూ నాట్ (ఇంట్లోని పరికరాల అడ్రస్‌లను బయటికి ఒకే అడ్రస్‌గా మార్చడం) చేస్తాయి. బ్రౌజింగ్‌కి, వీడియోలకి ఫర్వాలేదు. గేమ్‌లకి, ఇంట్లో కెమెరాని బయటి నుంచి చూడటానికి చిరాకు పెడుతుంది. రెండో దారి, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం. అప్పుడది వెలుతురుని ల్యాన్‌గా మార్చి ఊరుకుంటుంది, మిగతా పనంతా మీ రౌటర్‌ది. దానికి కంపెనీ నుంచి పీపీపీఓఈ (వాళ్ల నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (ఒకే తీగ మీద నెట్‌ని, ఫోన్‌ని వేరు చేసేది) తీసుకోవాలి. వీల్యాన్ అడిగితేనే చెప్తారు, అది లేకపోతే రౌటర్ కనెక్టింగ్ అనే మాట దగ్గరే ఉండిపోతుంది.

మీ ల్యాండ్‌లైన్ సంగతి మర్చిపోకండి. ఆ ఫోన్ నంబర్ తాలూకు సిప్ (నెట్ మీద ఫోన్ నడిపే పద్ధతి) వివరాలు ఓఎన్‌టీలోనే ఉంటాయి. నెట్ ఒక్కటే బ్రిడ్జ్ చేసి, వాయిస్ అలాగే ఉంచమని స్పష్టంగా చెప్పండి. బాక్స్ మొత్తం తీసేసినా, బ్రిడ్జ్ తప్పుగా చేసినా ఫోన్ మూగబోతుంది.

కెమెరాకన్ను:
> ఇంట్లో కెమెరాని బయటి నుంచి చూడటానికి

బ్రిడ్జ్ చేశాక కూడా నాకు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాకి దారి తెరవడం) పనిచేయడం లేదు. రౌటర్‌లో వాన్ ఐపీ 100.72 తో మొదలవుతోంది.

రాత్రిడ్యూటీ:
అది మీ ఇంటి సమస్య కాదండి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లు కంపెనీలు లోపల వాడుకోవడానికే 2012లో కేటాయించారు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది ఇళ్లకి పంచుతున్నారు. ఎంత మంచి రౌటర్ కొన్నా పోర్టు తెరుచుకోదు. పబ్లిక్ ఐపీ అడగండి, లేదా ఐపీవీ6 (కొత్త రకం అడ్రస్‌లు) ఇస్తున్నారేమో చూడండి.

కోయాక్స్:
కేబుల్ లైనువాళ్లం మేం అనాథలమా? నా మోడెమ్ డాక్సిస్ (కేబుల్ నెట్ ప్రమాణం) 3.0, 8 గుణకం 4. కంపెనీ వాళ్లు 500 ప్లాన్‌కి మార్చమంటున్నారు. మోడెమ్ మార్చాలా?

రాత్రిడ్యూటీ:
మార్చాలి. 8 గుణకం 4 అంటే కిందికి 8 చానళ్లు, పైకి 4. 6 మెగాహెర్ట్జ్ చానల్ ఒక్కోదానిలో చేతికి 38 ఎంబీపీఎస్ దాకా వస్తుంది, అంటే మొత్తం 300. చానల్ 8 మెగాహెర్ట్జ్‌ది అయితే 400. ఎలా చూసినా 500 దాటదు. పైగా ఆ చానళ్లు మీ ఒక్కరివే కావు, అదే లైను మీదున్న అందరివీ. 24 గుణకం 8 ఉన్న 3.0 సరిపోతుంది గానీ, కొత్తగా కొంటుంటే 3.1 తీసుకోండి. కంపెనీ 3.1 చానల్ నడుపుతుంటే పాత చానళ్ల రద్దీ నుంచి తప్పించుకుంటారు.

కొనే ముందు వాళ్లు ఆమోదించిన మోడళ్ల జాబితా చూడండి. కేబుల్ మోడెమ్ మ్యాక్ అడ్రస్ వాళ్ల దగ్గర నమోదైతేనే నడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాత యజమాని ఖాతాలోంచి తీసేశారో లేదో ముందు కనుక్కోండి. ఇంకోటి, పాత మోడళ్లలో ప్యూమా 6 చిప్ ఉన్నవి వదిలేయండి. స్పీడ్ టెస్ట్‌లో బాగానే కనిపించి, గేమ్‌లోనూ కాల్‌లోనూ పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) ఉన్నట్టుండి ఎగిరిపడుతుందని 2016లోనే గోల మొదలైంది.

కోయాక్స్:
192.168.100.1 లో చూస్తే డౌన్‌స్ట్రీమ్ పవర్ మైనస్ 11 ఉంది. ఇది కూడా మోడెమ్ లోపమేనా?

స్ప్లైసర్:
కాదు. ప్రమాణం ప్రకారం మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా నడవాలి, కానీ మైనస్ 7, ప్లస్ 7 మధ్య ఉంటేనే హాయి. టీవీ కోసం మధ్యలో స్ప్లిటర్ ఉందా? రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కటే 3.5 డీబీ తింటుంది. రెండు వరుసగా ఉంటే 7. మోడెమ్‌కి మొదటి స్ప్లిటర్ నుంచే నేరుగా తీగ ఇవ్వండి. కనెక్టర్ల మరలు చేత్తో తిప్పి చూడండి, సగం ఇళ్లలో వదులుగా ఉంటాయి.

ముసుగువీరుడు:
ఎవరూ చెప్పని మాట ఒకటి. రౌటర్ కొనేటప్పుడు ఆ మోడల్‌కి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా అని కంపెనీ సైట్‌లో చూడండి. చివరి అప్‌డేట్ ఎప్పుడో ఆగిపోయి ఉంటే, ఎంత చవగ్గా దొరికినా వద్దు. 2016 నవంబరులో జర్మనీలో దాదాపు 9 లక్షల మంది ఇళ్లలో రౌటర్లు ఒక్కసారిగా పడుకున్నాయి. మిరాయ్ అనే మాల్‌వేర్ తాలూకు కొత్త రకం ఒకటి, కంపెనీలు దూరం నుంచి రౌటర్లను సరిచేయడానికి వాడే 7547 పోర్టు దారిన దూరబోయింది.

కొన్నాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి కనెక్ట్ చేసేది) ఆపేయండి, బయటి నుంచి మేనేజ్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే తీసేయండి. డబ్ల్యూపీఏ (వైఫై రక్షణ పద్ధతి) 3 ఉంటే 2, 3 కలిపి పెట్టుకోండి. 3 ఒక్కటే పెడితే పాత టీవీలు కనెక్ట్ కావు.

కిటికీపక్క:
ఎర్ర లైటు సంగతి: కంపెనీ మనిషి వచ్చాడు. అంకె చెప్పగానే మీటర్ తీశాడు, వేరే ప్రశ్నే లేదు. కిటికీ చట్రం దగ్గర తీగ నలిగిపోయి ఉంది, అక్కడ కొత్త ముక్క వేసి కనెక్టర్ మార్చాడు. ఇప్పుడు మైనస్ 20.4. ఓఎన్‌టీ అదే ఉంచుతున్నా. గిగాబిట్ పోర్టులున్న ఏఎక్స్ 1500 రౌటర్ తీసుకుంటా. వెనక గదికి రిపీటర్ కూడా కొనాలా?

నెట్‌పిచ్చి:
మెష్ (కలిసి పనిచేసే రెండు మూడు వైఫై బాక్స్‌లు) పెట్టేయండి, ఇల్లంతా ఒకే పేరు.

రాత్రిడ్యూటీ:
ముందు రౌటర్‌ని ఇంటి మధ్యలోకి తెచ్చి చూడండి. ఓఎన్‌టీ కిటికీ దగ్గరే ఉండొచ్చు, అక్కడి నుంచి ల్యాన్ తీగ 100 మీటర్ల దాకా లాగొచ్చు. టీవీ వెనకా, ఇనుప బీరువా పక్కనా పెట్టొద్దు, నేల మీద అసలే వద్దు. అప్పటికీ వెనక గదికి అందకపోతే రెండో రౌటర్‌ని తీగతో కలిపి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో వాడండి. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటుంది, మళ్లీ దానితోనే చెబుతుంది, కాబట్టి స్పీడ్ సగం దాకా పోతుంది. మెష్ మంచిదే, తీగ లాగలేని ఇంటికి. కొంటే వెనక గదిలో కాకుండా సగం దూరంలో పెట్టాలి. సిగ్నల్ అందని చోట పెడితే అది మాత్రం ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది?

కిటికీపక్క:
రౌటర్ వచ్చింది. బ్రిడ్జ్ చేయించాను, వీల్యాన్ నంబర్ రెండోసారి అడిగితే ఇచ్చారు. ల్యాండ్‌లైన్ మోగుతోంది. వెనక గదిలో 5 గిగాహెర్ట్జ్ మీద 180 వస్తోంది, రిపీటర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టా. ఒక్కటే తేడా: కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటాయి, కొన్ని సగం వచ్చి తిరుగుతూ ఉంటాయి. ఆఫీసు వీపీఎన్ కూడా అంతే.

రాత్రిడ్యూటీ:
వాన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) ఎంత ఉంది? 1500 ఉంటే 1492 చేయండి. పీపీపీఓఈ హెడర్‌కి 8 బైట్లు పోతాయి.

కిటికీపక్క:
1500 ఉంది, 1492 చేశాను. అన్నీ తెరుచుకుంటున్నాయి, వీపీఎన్ కూడా నిలబడింది. అందరికీ కృతజ్ఞతలు. పాత ఓఎన్‌టీలో వైఫై ఇంకా ఆన్‌లోనే ఉంది, అలా వదిలేయొచ్చా?

స్ప్లైసర్:
ఆపేయండి. లేదంటే ఫోన్లు మళ్లీ పాత పేరుకే అతుక్కుంటాయి, పైగా మీ కొత్త రౌటర్ 2.4 చానల్‌కి అదే పక్కింటి గోల అవుతుంది. వేడి కూడా కొంత తగ్గుతుంది. లోపలి పేజీలో ఆపే వీలు లేకపోతే కొన్ని బాక్స్‌ల పక్కన చిన్న బటన్ ఉంటుంది, అదీ లేకపోతే కంపెనీ వాళ్లను అడగండి, దూరం నుంచే ఆపేస్తారు. రీసెట్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి. అది నొక్కితే బ్రిడ్జ్, వీల్యాన్ అన్నీ చెరిగిపోవచ్చు, మళ్లీ వాళ్ల కోసం ఎదురుచూడాలి.